ఎనిమిది సైకిళ్లు, పదహారు సంచులు: ఓర్ట్‌లీబ్ బ్యాక్ రోలర్ క్లాసిక్ రివ్యూ

సైకిల్ వెనక క్యారియర్‌కి అటొకటి ఇటొకటి తగిలించుకునే సంచులకి ఇంత పొడుగు రివ్యూ అవసరమా అని మా ఆయనే అడిగారు. అవసరమే. వచ్చే జూన్‌లో మేం ఎనిమిది మందిమి డాన్యూబ్ నది వెంట, జర్మనీలోని డోనావెషింగెన్ నుంచి హంగరీలోని బుడాపెస్ట్ దాకా సైకిళ్ల మీద వెళ్తున్నాం. పన్నెండు వందల కిలోమీటర్ల పైచిలుకు, నాలుగు దేశాలు. ఈ ఏర్పాట్లలో సైకిళ్ల గురించి, సీట్ల గురించి జరిగిన చర్చలకంటే సంచుల గురించి జరిగిన చర్చలే ఎక్కువ. చివరికి అందరం ఒకే రకం కొన్నాం. ఆ నిర్ణయం ఎందుకు సరైందో, ఈ సంచిలో నచ్చనివేంటో చెప్తాను.

ముందు మా బృందం సంగతి. నేనూ మా ఆయనా ఉండేది న్యూరెంబర్గ్‌లో. పక్కనే ఎర్లాంగెన్‌లో ఉండే వరంగల్ దంపతులు మాతో వస్తున్నారు. హైదరాబాద్ నుంచి మా తమ్ముడు, మరదలు, వాళ్లతో రోజూ పొద్దున్నే సైకిల్ తొక్కే ఇద్దరు: ఒక పళ్ల డాక్టరమ్మ, బ్యాంకులో రిటైరైన ఒక పెద్దాయన. ఆయన్ని అందరూ బాబాయిగారనే అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. తొక్కే వేగాలు వేరు, వయసులు వేరు, సైకిళ్లు వేరు. మా తమ్ముడు రెండు వందల కిలోమీటర్ల బ్రెవేలు, అంటే గడువులోగా పూర్తి చెయ్యాల్సిన దూరపు సవారీలు, తొక్కినవాడు. బాబాయిగారికి మోకాలు నొప్పి, అందుకని ఆయనకి ఇక్కడ అద్దెకి ఈ-బైక్ మాట్లాడాం. ఎర్లాంగెన్ ఆవిడదీ ఈ-బైకే. మిగతావాళ్లవి మామూలు ట్రెకింగ్ సైకిళ్లు.

నా దగ్గర ఈ సంచుల జత చాలా కాలంగా ఉంది. ఆఫీసుకి, కూరగాయలకి, సెలవుల్లో పాసౌ నుంచి వియన్నా దాకా వెళ్లినప్పుడు, అన్నిటికీ అవే. కాబట్టి ఇది కొత్తగా కొని పెట్టె విప్పి రాసిన రివ్యూ కాదు.

కంపెనీ మాకు దగ్గరే. న్యూరెంబర్గ్‌కి నైరుతి దిక్కున హైల్స్‌బ్రాన్ అనే చిన్న ఊళ్లో ఫ్యాక్టరీ. హార్ట్‌ముట్ ఓర్ట్‌లీబ్ అనే ఆయన 1982లో మొదలుపెట్టాడు. ఇంగ్లండ్‌లో సైకిల్ మీద తిరుగుతూ వానలో సామానంతా తడిసిపోయినప్పుడు, పక్కనుంచి వెళ్తున్న లారీల మీది టార్పాలిన్ పట్టా చూసి, ఆ గుడ్డతోనే సంచి కుట్టాలన్న ఆలోచన వచ్చిందట. ఇప్పటికీ ఈ సంచి చేత్తో ముడితే లారీ పట్టా గుర్తుకొస్తుంది. తేడా ఏమిటంటే అతుకుల దగ్గర కుట్టు ఉండదు, వేడితో అతికిస్తారు. కుట్టు ఉంటే సూది రంధ్రాలుంటాయి, రంధ్రాలుంటే ఎంత మంచి గుడ్డైనా నీళ్లు లాగుతుంది. కిటుకంతా అక్కడే ఉంది.

లెక్కలు చెప్తాను. జత కలిపి 40 లీటర్లు, అంటే ఒక్కోటి 20. ఖాళీ జత బరువు 1.9 కిలోలు. ఒక్కో సంచిలో 9 కిలోల దాకా పెట్టొచ్చని కంపెనీ మాట. ధర దుకాణాన్ని బట్టి, రంగుని బట్టి మారుతుంది కానీ జత నూటయాభై యూరోల చుట్టుపక్కల ఉంటుంది. ఐదేళ్ల గ్యారంటీ. మా తమ్ముడు ఫోన్లో ధర విని కాసేపు మాట్లాడలేదు. "అక్కా, ఆ డబ్బుతో ఇక్కడ సైకిలే వస్తుంది," అన్నాడు. నిజమే, వస్తుంది.

వాడు అప్పటికే ఆన్‌లైన్లో చవక రకం జత ఒకటి తెప్పించుకున్నాడు. చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటాయి, మూతి చుట్టే తీరు కూడా అదే. వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల మీంచి దిగుతుంటే స్పీడ్‌బ్రేకర్ దగ్గర ఒక సంచి కింది కొక్కెం ఊడి, సంచి లోపలికి ఊగి చక్రం పుల్లలకి తగిలింది. వాడు పడలేదు, అదే అదృష్టం. రెండు పుల్లలు వంగాయి. ఆ బ్రాండ్ పేరు చెప్పను, ఇలాంటివి పది పేర్లతో దొరుకుతాయి. అన్నిటిలోనూ లోపం ఒక్కచోటే: గుడ్డ బాగానే ఉంటుంది, కొక్కేలు నాసిరకం.

ఓర్ట్‌లీబ్ సంచికి మీరు పెట్టే డబ్బు ఎక్కువగా ఆ కొక్కేలకే. సంచి వీపు మీద అడ్డంగా ఒక ప్లాస్టిక్ పట్టీ, దాని మీద రెండు కొక్కేలు. పైన పట్టుకునే చేతి పట్టీని లాగితే కొక్కేల నోళ్లు తెరుచుకుంటాయి, క్యారియర్ కడ్డీ మీద పెట్టి వదిలితే మూసుకుంటాయి. గుంతలో ఎగిరినా తెరుచుకోవు. కింద ఇంకో వంకీ ఉంటుంది, అది క్యారియర్ నిలువు కడ్డీని లోపలినుంచి పట్టుకుని సంచి ఊగకుండా ఆపుతుంది. పై కొక్కేల్నీ కింది వంకీనీ అటూ ఇటూ జరిపి ఎవరి సైకిల్‌కి తగ్గట్టు వాళ్లు బిగించుకోవచ్చు. ఈ జరిపే పని ఒక్కసారే, కానీ శ్రద్ధగా చెయ్యాలి. సంచి ఎంత వెనక్కి ఉండాలో మీ మడమ చెప్తుంది. పెడల్ తొక్కుతుంటే మడమ సంచికి తగలకూడదు. మా ఆయన పాదం పెద్దది, సైకిల్ ఫ్రేమ్ పొట్టిది. ఆయన సంచుల్ని పట్టీ మీద చివరికంటా జరపాల్సొచ్చింది.

అసలు విషయం ఇప్పుడొస్తుంది. ఒంటరిగా వెళ్లేవాళ్లు ఈ సంచిని వాన కోసం కొంటారు. గుంపుగా వెళ్లేవాళ్లు కొనాల్సింది మార్చుకోవడం కోసం.

గుంపులో రెండో రోజో మూడో రోజో తప్పకుండా ఒకరికి కాలు పట్టేస్తుంది. ఇంకొకరికి జలుబు చేస్తుంది. పొద్దున్న హుషారుగా బయల్దేరినవాళ్లు మధ్యాహ్నానికి వెనకబడతారు. అప్పుడు ముందున్నవాళ్లు ఆగి ఆగి వెళ్లడం వల్ల ఎవరికీ సుఖం ఉండదు. వెనకబడ్డవాళ్లకి సిగ్గు, ముందున్నవాళ్లకి విసుగు. దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే: బరువు మార్చడం. ఎవరికి ఒంట్లో బాగాలేదో వాళ్ల సంచి ఒకటి తీసి బలంగా ఉన్నవాళ్ల సైకిల్‌కి తగిలించాలి, వాళ్ల తేలిక సంచి వీళ్లకివ్వాలి. అర నిమిషం పని. ఎనిమిది సైకిళ్లకీ పదహారు సంచుల్లో ఏదైనా సరిపోతేనే ఇది కుదురుతుంది. ఒకరిది ఒక కంపెనీ, ఇంకొకరిది తాడుతో కట్టేది, మరొకరిది క్యారియర్‌కి శాశ్వతంగా బిగించేది అయితే రోడ్డు పక్కన సామాను కుప్ప పోసి సర్దుకోవాల్సిందే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కొనేముందు ఎవరూ చూడరు. క్యారియర్ కడ్డీల లావు అన్నిటికీ ఒకటి కాదు. మామూలు ట్రెకింగ్ సైకిళ్లకి ఎక్కువగా 10 మిల్లీమీటర్లు, కొన్నిటికి 8, కొన్నిటికి 12. ఈ-బైక్‌లకి లావుపాటివి, 16 దాకా ఉంటాయి. సంచితోపాటు కొక్కెం లోపల పెట్టుకునే చిన్న ప్లాస్టిక్ ముక్కలిస్తారు. సన్న కడ్డీకి ముక్క పెట్టాలి, 16కి ఏమీ పెట్టకూడదు. ముక్క లేకుండా సన్న కడ్డీకి తగిలిస్తే ఊడదు కానీ దారంతా టకటకమంటూ చప్పుడు. ఎనిమిది మంది చప్పుడు చేస్తూ వెళ్తే బాతులు కూడా లేచిపోతాయి. ఇంతకీ మా గుంపులో రెండు ఈ-బైక్‌లు 16, మిగతావి 10. అందుకని పద్ధతి పెట్టుకున్నాం: ఈ-బైక్ సంచులు వేరే సైకిల్‌కి మారితే ముక్కలు పెట్టాలి, ఆ ముక్కలు హ్యాండిల్ సంచిలో ఒక డబ్బీలో ఉంటాయి. డబ్బీ బాధ్యత డాక్టరమ్మది. పళ్లకి చిన్న చిన్న ముక్కలు అతికించే మనిషి, ఆవిడ దగ్గరైతే పోవని అందరి నమ్మకం.

సైకిల్ అద్దెకిచ్చేవాళ్లకి ముందే ఉత్తరం రాసి కడ్డీ లావు ఎంతో అడగండి. ఒక దుకాణం వాళ్లు మాకు "అన్ని సంచులూ పడతాయి" అని జవాబిచ్చారు. అది జవాబు కాదు. మళ్లీ అడిగితే క్యారియర్ మీద వేరే కంపెనీ బిగింపు పలక ఉందనీ, దాని మీద కొక్కేలు పట్టవనీ తేలింది. వేరే చోట తీసుకున్నాం.

వాన గురించి. మన దగ్గర జూన్ అంటే తొలకరి. ఇక్కడ వానలు చలికాలంలోనే అని చాలామంది అనుకుంటారు, కానీ బవేరియాలోనూ ఆస్ట్రియా ఎగువ భాగంలోనూ ఏడాదిలో ఎక్కువ వాన పడేది ఎండాకాలంలోనే. డాన్యూబ్ దారిలో పాసౌ పట్టణముంది. అక్కడ డాన్యూబ్, ఇన్, ఇల్ట్స్ అనే మూడు నదులూ కలుస్తాయి. 2013 జూన్‌లో పాత ఊరు నీళ్లలో మునిగిపోయింది. ఆ నీటి మట్టాల గుర్తులు పాత టౌన్‌హాల్ గోడ మీద ఉంటాయి, వెళ్లినప్పుడు చూడండి. జూన్‌లో వెళ్తూ వాన రాదులే అనుకోవడానికి లేదు.

ఈ సంచి మీద ఐపీ 64 అని రాసుంటుంది. 6 అంటే దుమ్ము అస్సలు దూరదని, 4 అంటే ఏ వైపునుంచి నీళ్లు చిమ్మినా లోపలికి రావని. నీళ్లలో ముంచొచ్చని కాదు. వానలో రోజంతా తొక్కడానికి ఇది చాలు. మూతిని మాత్రం గట్టిగా మూడు నాలుగు చుట్లు చుట్టాలి. సామాను కుక్కేసి ఒక్క చుట్టు చుట్టి పట్టీ బిగిస్తే పైనుంచి నీళ్లు దిగుతాయి, తప్పు సంచిది కాదు. అందుకే 40 లీటర్లు అంటే నిజానికి చుట్టుకి పోగా మిగిలినంతే అని లెక్కేసుకోండి.

బయటి నీళ్లు లోపలికి రానట్టే లోపలి తడి బయటికి పోదు. చెమట బట్టలు, తడి తువ్వాలు పెట్టి రాత్రంతా మూసి ఉంచితే పొద్దున్న తెరిచినవాళ్ల పని అంతే. తడివి ఎప్పుడూ విడిగా ఒక వల సంచిలో వేసి క్యారియర్ పైన కట్టండి, గాలికి ఆరతాయి.

ఈ గుణం ఒకందుకు మాకు పనికొచ్చింది. మొన్న వసంతంలో మేం నలుగురం సామాను నింపుకుని ఆల్ట్‌మ్యూల్ నది వెంట కెల్‌హైమ్ దాకా వెళ్లొచ్చాం. ఆ నది కెల్‌హైమ్ దగ్గరే డాన్యూబ్‌లో కలుస్తుంది, దారి కంకర, చిన్న చిన్న ఎగుడుదిగుళ్లు, పెద్ద ప్రయాణానికి ముందు తొక్కి చూసుకోవడానికి చక్కగా ఉంటుంది. దారిలో ఎర్లాంగెన్ వాళ్ల మాగాయ సీసా మూత వదులై నూనె మొత్తం సంచిలో కారింది. గుడ్డ సంచైతే పారేసుకోవాల్సిందే. దీన్ని తిరగేసి వేడి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బుతో కడిగాం. బయటికి ఒక్క చుక్క రాలేదు, పక్క సంచిలో బట్టలకి ఏమీ కాలేదు. లోపల పసుపు మరక మాత్రం ఉండిపోయింది. ఆ సంచి ఇక వంట సంచి అయింది, దానికి వేరే పేరు పెట్టాల్సిన పని లేకుండా పోయింది.

పచ్చళ్ల మాటొచ్చింది కాబట్టి హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకి ఒక హెచ్చరిక. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు ప్రయాణికులు తెచ్చుకోకూడదు. ఆవకాయ, మాగాయ, కందిపొడి పర్వాలేదు. కోడి పచ్చడి కుదరదు, నెయ్యి కుదరదు, పాలకోవా కుదరదు, రొయ్యల సంగతి వేరు. పచ్చి కరివేపాకు కూడా ధ్రువపత్రం లేకుండా తేకూడదు. మా మరదలు నెయ్యి మీద చాలా వాదించింది. "వదినా, ఇంటి నెయ్యి అది, కొన్నది కాదు," అంది. కస్టమ్స్ వాళ్లకి రెండూ ఒకటేనమ్మా.

నచ్చనివి చెప్తానన్నాను కదా. మొదటిది, లోపల అంతా ఒకే గొయ్యి. పైనుంచి మూతి చుట్టేసే గోనెసంచి లాంటిదే. వీపు వైపు ఒక చిన్న జేబు, జిప్పున్న వల జేబు ఉంటాయి, అంతే. బయట జేబు లేదు, కావాలంటే విడిగా కొని బిగించుకోవాలి, దానికి మళ్లీ డబ్బు. అడుగునున్న సాక్సు కావాలంటే పైనున్న రైన్‌కోటు, స్వెట్టరు, మందులు అన్నీ రోడ్డు మీద పరవాలి. మేం దీనికి విరుగుడుగా బట్టలు పలచటి రంగు సంచుల్లో కట్టుకుంటున్నాం. రైన్‌కోటు ఎప్పుడూ పైనే, ఇది అందరికీ నియమం. వాన మొదలయ్యాక సంచి తెరిచి వెతుకుతూ నిలబడ్డవాళ్ల వల్ల మిగతా ఏడుగురూ తడుస్తారు.

రెండోది, సైకిల్ దిగాక మొయ్యడం. భుజానికి వేసుకునే పట్టీ ఇస్తారు, సైకిల్ మీదున్నప్పుడు అదే మూతి బిగించే పట్టీ అవుతుంది. తెలివైన ఏర్పాటే, కానీ భుజాన వేసుకుని నడిస్తే వెనక కొక్కేలు తొడకి గుచ్చుకుంటాయి. హోటల్ గది దాకా సరే, ఊరు చూడ్డానికి వేసుకెళ్లేది కాదు. మూడోది, ఖాళీ బరువు. రెండు కిలోలకి కాస్త తక్కువ. తేలిక ప్రయాణం చేసేవాళ్లు, గుట్టల్లో మట్టి దారుల్లో తొక్కేవాళ్లు నవ్వుతారు. మా తమ్ముడు నవ్వాడు. ఇప్పుడు వాడి సైకిల్‌కి ఇవే ఉన్నాయి.

రంగు చిన్న విషయం అనుకోకండి. నల్లవి పదహారు కొంటే సాయంత్రం విడిది దగ్గర ఎవరి సంచి ఎవరిదో తెలియదు. మేం దంపతులకి ఒక రంగు చొప్పున ఎరుపు, పసుపు, నీలం తీసుకున్నాం, డాక్టరమ్మకీ బాబాయిగారికీ నలుపు. నలుపువాటికి రిబ్బన్లు. ఎరుపు, పసుపు ఇంకోందుకు కూడా మంచివి: వెనక వచ్చే కార్లకి దూరం నుంచే కనిపిస్తాయి. సంచి మీద వెలుతురు పడితే మెరిసే గుర్తు ఉంటుంది కానీ పగటిపూట వానలో రంగే కాపాడుతుంది.

ఇక రైలు. సైకిళ్లతో గుంపుగా రైలెక్కడం ఈ ప్రయాణంలో కొండెక్కడంకంటే కష్టం అని నా అభిప్రాయం. జర్మనీలో దూరప్రాంత రైళ్లలో సైకిల్‌కి విడిగా టికెట్, రిజర్వేషన్ తప్పనిసరి. ఐసీఈ 4 అనే వేగపు రైలంతా కలిపి సైకిళ్లకి ఎనిమిదే చోట్లు. మేం సరిగ్గా ఎనిమిది మందిమి, మాకు ముందు ఒక్కరు బుక్ చేసుకున్నా రెండు రైళ్లుగా విడిపోవాల్సిందే. అందుకే డోనావెషింగెన్‌కి ప్రాంతీయ రైళ్లలో వెళ్దామనుకున్నాం. నెమ్మది, మార్పులు ఎక్కువ, కానీ చౌక. ఏ రైలైనా స్టేషన్లో ఆగేది రెండు మూడు నిమిషాలు. సైకిల్ నిలబెట్టి కొక్కేనికి వేలాడదీసే బోగీలైతే సంచులు తీయకుండా లోపల పట్టవు. కాబట్టి మా పద్ధతి: ప్లాట్‌ఫాం మీద నిలబడగానే అందరూ సంచులు తీసేస్తారు. నలుగురు లోపలికెళ్లి అందుకుంటారు, నలుగురు బయటనుంచి ముందు సైకిళ్లు, తర్వాత సంచులు అందిస్తారు. ఒక్క చేత్తో లాగితే ఊడొచ్చే సంచి విలువ అప్పుడు తెలుస్తుంది. ముళ్లు విప్పుకుంటూ కూర్చుంటే రైలెళ్లిపోతుంది. మా వీధిలో రెండు సాయంత్రాలు దీన్నే సాధన చేశాం, ఎదురింటి జర్మన్ ముసలాయన కిటికీలోంచి చూసి చప్పట్లు కొట్టాడు.

విమానంలో తెచ్చేవాళ్లకి: సంక్రాంతికి వెళ్లినప్పుడు నేను హైదరాబాద్ వాళ్ల నాలుగు జతలూ ఇచ్చొచ్చాను, ముందునుంచే బరువుతో అలవాటు పడతారని. తిరిగి వచ్చేటప్పుడు జతని అలాగే లగేజీలో వెయ్యొద్దు. కొక్కేలు బయటికి పొడుచుకుని ఉంటాయి, బెల్టుల్లో చిక్కుకుంటే విరుగుతాయి. రెండు సంచుల్నీ కొక్కేలు లోపలికి ఎదురెదురుగా ఉండేట్టు పెట్టి, బజార్లో దొరికే గళ్ల సంచిలో దూర్చి జిప్పు వెయ్యండి. ఒక్క లగేజీ కింద లెక్కకొస్తుంది, గళ్ల సంచి మడిస్తే అరచేతంత. పవర్ బ్యాంకులు మాత్రం చేతి సామానులోనే.

హైదరాబాద్‌లో సాధన ఎలా అంటే, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ దారి ఉంది కదా, నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు. అక్కడ సంచికి ఐదు కిలోల బియ్యం ప్యాకెట్, దాని పైన రెండు లీటర్ల నీళ్ల సీసా పెట్టుకుని తొక్కుతున్నారు. ఒక వైపు బరువు ఎక్కువైతే సైకిల్ ఎటు లాగుతుందో, బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతుందో అప్పుడే అర్థమవుతుంది. బరువున్న సైకిల్ ఆగడానికి ఎక్కువ దూరం కావాలి, గుంపులో ముందువాళ్ల వెనక చక్రానికి అంటుకుని తొక్కే అలవాటు మానుకోవాలి. బియ్యం ఐడియా బాబాయిగారిది. తిరిగొచ్చాక ఆ బియ్యం వండుకుంటున్నారట.

సామాను పంపకం ఇలా చేశాం. మనిషికి ఒక సంచి సొంతానికి, రెండోది ఉమ్మడిది. వంట ఒకటి, మందులు ఒకటి, పనిముట్లు ఒకటి, ట్యూబులు ఒకటి, అలా. పనిముట్లు ఎనిమిది జతలు ఎందుకు? పంపు రెండు, చైన్ తెంపేది ఒకటి, ఎల్ కీల సెట్టు ఒకటి, టైరు విప్పే పుల్లలు అందరి దగ్గరా. ట్యూబ్ వాల్వులు రెండు రకాలున్నాయి మా గుంపులో, సన్నవీ, కారు వాల్వు లాంటివీ. పంపు రెండిటికీ పట్టేది చూసుకున్నాం. పనిముట్ల సంచి ఎప్పుడూ చివర తొక్కేవాళ్ల సైకిల్‌కే ఉంటుంది. పంక్చర్ అయినవాళ్లు అక్కడే ఆగుతారు, పనిముట్లు నడుచుకుంటూ వాళ్ల దగ్గరికే వస్తాయి. ముందు వెళ్లే మనిషి దగ్గరుంటే అయిదు కిలోమీటర్లు వెనక్కి రావాలి. చివర ఎవరు తొక్కుతారన్నది రోజూ మారుతుంది, సంచీ దాంతోపాటు మారుతుంది. అన్ని సైకిళ్లకీ పట్టే సంచి కాబట్టే ఇది సాధ్యం.

ముందు చక్రానికి కూడా సంచులు కావాలా? ఇదే కంపెనీ చిన్న సైజువి, జత 25 లీటర్లవి అమ్ముతుంది. టెంటు, పరుపు, స్టవ్వు మోసేవాళ్లకి కావాలి. డాన్యూబ్ దారిలో, ముఖ్యంగా పాసౌ నుంచి వియన్నా మధ్య, ఊరూరా సైకిల్ ప్రయాణికులకి గదులిచ్చే ఇళ్లుంటాయి. ద్రాక్షతోటల వహావ్ లోయలోనైతే ఇంటి ముందు బోర్డులే బోర్డులు. మేం గదుల్లోనే ఉంటాం కాబట్టి వెనక జత చాలు. స్లొవేకియా, హంగరీ వైపు విడుదులు కాస్త దూరం దూరం, దారి కూడా కొన్ని చోట్ల మట్టి, కొన్ని చోట్ల కార్లతో కలిసి. అక్కడికి ముందే బుక్ చేసుకుంటున్నాం.

ఎవరు కొనాలో, ఎవరికి అక్కర్లేదో చెప్తాను. హైదరాబాద్‌లో ఆఫీసుకి వెళ్లడానికి మాత్రమే అయితే ఇంత ధర పెట్టాల్సిన పని లేదు, కొక్కేలు గట్టివి చూసి వేరేది కొనుక్కోండి. ఏడాదికోసారి వారాంతం ప్రయాణం చేసేవాళ్లు స్నేహితుల దగ్గర అడిగి తీసుకోవడం మేలు, మా జతని అలా ఎంతమంది తీసుకెళ్లారో. క్యారియర్ లేని సన్న రేసింగ్ సైకిల్ వాళ్లకి ఇది అసలు పనికిరాదు. రోజుల తరబడి, గుంపుగా, వాన ఖాయమైన చోటికి వెళ్తుంటే మాత్రం అందరూ ఇదే కొనండి. లేదా అందరూ కలిసి ఇంకేదో ఒకటే కొనండి. రెండో మాట కూడా నిజంగానే అంటున్నాను. జర్మనీలోనే ఇంకా మంచి కంపెనీలున్నాయి, ఏది కొన్నా అందరిదీ ఒకే కొక్కెం అయితే చాలు.

విడి భాగాలు విడిగా దొరకడం ఈ సంచికున్న ఇంకో లాభం. కొక్కెం, కింది వంకీ, లోపల పెట్టే ముక్కలు, పట్టీ బకిల్ అన్నీ అమ్ముతారు. సంచితోపాటే ఒక కొక్కెం, ఒక వంకీ, రెండు సైజుల ముక్కలు అదనంగా తెప్పించి పనిముట్ల సంచిలో వేసుకోండి. క్యారియర్ కడ్డీ మీద కొక్కెం కూర్చునే చోట రంగు అరగకుండా గట్టి టేపు రెండు చుట్లు చుట్టండి. టేపు చుట్టాక కడ్డీ లావు కొంచెం పెరుగుతుంది, కాబట్టి ముక్కలు ఎంచుకోవడం టేపు చుట్టిన తర్వాతే.